పిన్నిగారి వాచీ చైను

మా ఆయన చెయ్యి వణుకుతోందని నాకు మొదట తెలిసింది మజ్జిగ గ్లాసు దగ్గర. మధ్యాహ్నం దుకాణం మూసి భోజనానికి వచ్చారు. గ్లాసు ఎత్తబోయి ఆగి, దాన్ని పీట మీదే ఉంచి తల వంచి తాగారు. నేను చూడనట్టే కూర వడ్డించాను. మర్నాడు కూడా అలాగే తాగారు.

"ఏమండీ, చేతికేమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. వేడి చేసింది."

మా నూజివీడులో ఏ నలతకైనా చెప్పుకునే కారణం అదే. కానీ అప్పుడు తోటలు ఇంకా పూత మీదే ఉన్నాయి. తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటున్న రోజులు. వేడి చేసే కాలం కాదు. నేను మళ్లీ అడగలేదు.

ఆయనది గడియారాల రిపేరు దుకాణం. బస్టాండుకు వెళ్లే దారిలో మందుల షాపుకీ బట్టల కొట్టుకీ మధ్య ఇరుకు గది. ముందు గాజుపెట్టె, వెనక ఒక చెక్క బీరువా, ఆ రెండింటి మధ్య ఆయన కుర్చీ. మా మామగారి నుంచి వచ్చిన పని. ఎనభైల మొదట్లో కీ ఇచ్చే వాచీలు తగ్గిపోయి, బ్యాటరీవి రావడం మొదలైంది. గల్ఫు వెళ్లొచ్చినవాళ్లు, బొంబాయికి మామిడికాయల లోడ్లు పంపే వ్యాపారులు ఇనుప చైన్లున్న వాచీలు తెచ్చుకునేవారు. అవన్నీ ఎవరో భారీ మనిషి చేతికి కొలిచి చేసినట్టుండేవి. అందుకని దుకాణానికి ఎక్కువగా వచ్చే పని చైను బిగించడం. లింకులు తీసి చేతికి సరిపెట్టడం.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి రాలేదు. క్యారేజీ తీసుకుని నేనే వెళ్లాను. వెళ్లేసరికి ఆయన నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో అయస్కాంతం ముక్కతో గచ్చంతా తడుముతున్నారు. నన్ను చూసి లేవబోయారు.

"పిన్ను పడిపోయింది."

ఇద్దరం వెతికాం. కుర్చీ కాలు పక్కన నాకు దొరికింది, గుండుసూది ముక్కంత ఉంది. ఆయన తీసుకుని చైను రంధ్రంలో పెట్టబోయారు. పిన్ను మొన రంధ్రం చుట్టూ తిరుగుతోంది కానీ లోపలికి దిగడం లేదు. అది మళ్లీ జారిపోయింది. ఈసారి గాజుపెట్టె మీదే పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"దసరా అప్పటి నుంచి."

నేను ఆ పిన్ను తీసుకుని రంధ్రంలో పెట్టాను. చిన్నప్పుడు మా ఊళ్లో, చాట్రాయి అవతల, మల్లెమొగ్గలు కట్టిన చెయ్యి నాది. సన్నటి పని దానికి కొత్తేమీ కాదు. "అటు నుంచి కాదు, ఇటు నుంచి. లింకు లోపలివైపు చిన్న బాణం గుర్తుంది చూడు" అన్నారాయన. చూశాను. నిజంగానే ఉంది. "తీసేటప్పుడు బాణం ఎటు చూపిస్తే అటు తోయాలి. పెట్టేటప్పుడు దానికి ఎదురు నుంచి పెట్టాలి. చీలిక ఉన్న కొస ఆఖర్న దిగాలి."

క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. ఆ వాచీ పని మాత్రం పూర్తయింది.

తర్వాత విజయవాడ వెళ్లి డాక్టరుకు చూపించాం. ప్రాణానికి ప్రమాదం లేదనీ, నరాలకు సంబంధించినదనీ, కొన్ని కుటుంబాల్లో ఉంటుందనీ, మాత్రలతో కొంచెం తగ్గచ్చనీ చెప్పాడు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు.

"ప్రాణానికేం కాదన్నారుగా" అన్నాను.

"ప్రాణానికి కాదులే. పనికి" అన్నారు.

అప్పటి నుంచి వంట ముగించుకుని రోజూ దుకాణానికి వెళ్లేదాన్ని. ఆయన చెప్పేవారు, నేను చేసేదాన్ని. మూలన పడున్న ఒక పాత చైను ఇచ్చి దాన్ని మొత్తం విప్పించి మళ్లీ కట్టించేవారు. అన్ని లింకులూ ఒకటే అనుకునేదాన్ని నేను. కాదు. డయలు పక్కనుండేవి వెడల్పు, లాకు దగ్గరికొచ్చేకొద్దీ సన్నబడతాయి. ఎక్కడిది అక్కడే తీయాలి. ఒకే వైపు నుంచి తీస్తే లాకు చేతి కిందకు రాకుండా పక్కకు పోతుంది, డయలు ఒరిగిపోతుంది. అందుకని అటొకటి, ఇటొకటి తీయాలి. ఇంకొంచెం తేడా ఉంటే లాకు పక్కనుండే చిన్న రంధ్రాల్లో స్ప్రింగు పుల్లను జరిపి సరిచేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, గట్టిగా బిగించకూడదు. "ఎండాకాలం చెయ్యి ఉబ్బుతుంది. చిటికెన వేలు దూరేంత జాగా వదిలిపెట్టు" అనేవారు.

మొదట్లో నన్ను బీరువా వెనకాల స్టూలు మీద కూర్చోబెట్టారు. వాచీ ఆయన తీసుకుని వెనక్కి అందించేవారు. కానీ మాది చిన్న ఊరు. నెల తిరిగేలోపే అందరికీ తెలిసిపోయింది. కొంతమంది మగవాళ్లు వాచీ తెచ్చి, నన్ను చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవారు. ఇంకొంతమంది నన్ను చూడటానికే వచ్చేవారు. ఒకాయనైతే బాగానే ఉన్న చైను విప్పించి, మళ్లీ పెట్టించుకుని వెళ్లాడు. ఇక దాక్కుని చేయడమెందుకని నేనే స్టూలు ముందుకు లాక్కున్నాను. ఆయన తన కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నారు.

మామిడి సీజను మొదలయ్యే ముందు ఒక ఉదయం మా దుకాణం ముందు రిక్షా ఆగింది. అందులోంచి దిగినావిడ మామిడికాయల మండీ వారి కోడలు. ఊళ్లో అందరూ పిన్నిగారనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. అంతకు ముందు వానాకాలంలో ఆవిడ భర్త గుండెపోటుతో పోయారు. కొడుకు విజయవాడలో కాలేజీ చదువు. మండీ చూసుకోవడానికి ఇంకెవరూ లేక ఆవిడే వెళ్లి కూర్చుంటోందని విన్నాను.

గాజుపెట్టె ముందు నిలబడి మా ఆయనను కాకుండా నన్ను చూసింది.

"చెయ్యి నువ్వే పట్టుకుని కొలుస్తావటగా అమ్మాయ్?"

"నేనేనండీ. రండి, కూర్చోండి."

సంచిలోంచి చేతిరుమాలు తీసి మడతలు విప్పింది. అందులో వాళ్లాయన వాచీ. సీజనయ్యాక ఒకసారి బొంబాయి వెళ్లినప్పుడు కొనుక్కున్నారట. స్విట్జర్లాండుది. ఉక్కు చైను, మధ్యలో సన్నగా బంగారు లింకుల వరస. మా ఆయన చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మా దుకాణానికి అలాంటివి ఏడాదికొకటి వస్తే గొప్ప.

"ఇది నేను పెట్టుకోవాలి. మండీలో లారీవాళ్లు ఇంతింటికి వస్తామంటారు, అంతింటికి వస్తారు. అడిగితే అప్పుడే వచ్చామంటారు. నాకేమో టైము తెలీదు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. సన్నటి మణికట్టు, ఎముక తేలి ఉంది. ఆ చేతికి నిండా గాజులుండగా ఎన్నోసార్లు చూశాను. ఇప్పుడు బోసిగా ఉంది. వాచీ పెట్టి చెయ్యి ఎత్తమన్నాను. మోచేతి దాకా జారిపోయింది.

లింకులు తీయడం మొదలుపెట్టాను. అటొకటి, ఇటొకటి. మళ్లీ అటొకటి, ఇటొకటి. పెట్టి చూస్తే ఇంకా వదులే. ఊడొచ్చేవన్నీ తీసేశాను. స్ప్రింగు పుల్లను ఆఖరి రంధ్రానికి జరిపాను. ఆవిడ చెయ్యి దించగానే వాచీ జారి బొటనవేలి మొదట్లో ఆగింది.

మా ఆయన కంటికి అద్దం పెట్టుకుని చైను తిప్పి తిప్పి చూశారు.

"ఇంతవరకేనండీ. ఇక మిగిలినవి తీసేవి కాదు. కంపెనీవాళ్లు పిన్నులు లింకులోనే కరిగించి అతికేశారు."

"బెల్టు వేస్తే?"

"ఈ వాచీకి బెల్టు పట్టదండీ. చైనూ కేసూ కలిపి ఒకటిగా చేశారు. పోనీ కాస్త వదులుగానే ఉండనీయండి. గాజుల్లాగా..." అని ఆగిపోయారు.

మా ఆయన మొహం ఎర్రబడింది. పిన్నిగారే ముందు మాట్లాడింది.

"అతికినదాన్ని కోయలేరా?"

"కోయచ్చండీ. కోస్తే మళ్లీ అతకదు. రేపు మీ అబ్బాయి పెట్టుకుంటానంటే దీన్ని పెద్దది చేయడం కుదరదు."

"వాడి సంగతి తర్వాత."

"నావల్ల కాదండీ, అమ్మగారూ. మనం తీసిందేదైనా మళ్లీ పెట్టేలా ఉండాలని మా నాన్న చెప్పేవాడు. ఇలాంటి వాచీని కోసి పాడుచేయలేను."

ఆవిడ కోప్పడలేదు. రుమాలు మడతపెట్టి సంచిలో వేసుకుంది. వాచీ మాత్రం గాజుపెట్టె మీదే వదిలేసింది.

"ఆయన పోయిన దగ్గర్నుంచీ నాకన్నీ ప్రస్తుతానికే బాబూ. తాళాలు ప్రస్తుతానికి నీ దగ్గరుంచు అన్నారు. మండీలో ప్రస్తుతానికి నువ్వు కూర్చో అన్నారు. వాడికి చదువయ్యేదెప్పుడు, వాడొచ్చేదెప్పుడు? కాయ రేపు కోతకొస్తుంది. ఆలోచించండి, మళ్లీ వస్తాను" అని రిక్షా ఎక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో మేమిద్దరం అదే మాట మీద పడ్డాం. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ అన్నాను, కోసిద్దామండీ అని. ఆయన వినలేదు. అలాంటి వాచీ చేసినవాడు ఎంత కష్టపడి చేసుంటాడో నీకు తెలీదన్నారు. ఎవరి కోసం చేశాడు, పెట్టుకునేవాళ్ల కోసం కాదా అన్నాను. మాట పెరిగింది. చివరికి ఆయన గొంతు తగ్గించి, "నా చేతులు బాగుంటే ఏమో. రంపం నువ్వు పట్టాలి. నువ్వెప్పుడూ పట్టలేదు. జారిందంటే డయలు మీద గీత పడుతుంది. వాళ్లకి ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు. ఆయన కాదంటున్నది లింకు కోయడాన్ని కాదు. అంతకు ముందైతే ఆ పని తనే చేసుండేవారు. ఆ బాధ మీద ఇంకేం వాదిస్తాను? చేట పక్కన పెట్టి పొయ్యి వెలిగించాను.

మర్నాడు మేం దుకాణం తీసిన కాసేపటికి మళ్లీ రిక్షా వచ్చింది. దిగింది పిన్నిగారు కాదు, వాళ్ల అత్తగారు. ముసలావిడ. రిక్షా అతని భుజం పట్టుకుని మెట్టెక్కి, స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"మా కోడలు నా కొడుకు వాచీ ఇక్కడిచ్చిందటగా. లింకులన్నీ తీసేశారట. మళ్లీ పెట్టేసి ఇవ్వండి. నా మనవడికి దాచాలి."

"ఆవిడ మళ్లీ వస్తానన్నారండీ" అన్నాను.

"మొగుడు పోయినదానికి వాచీ సోకేంటమ్మా? ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు?" అంది. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను. కానీ ఆవిడ అంతటితో ఆగలేదు. "కోసెయ్యమందటగా. నా కొడుకు చేతికున్నది. దాన్ని కోస్తే వాడి చెయ్యి కోసినట్టే ఉంటుంది నాకు" అంది. నేను నోరు మూసుకున్నాను. కొడుకు పోయి ఏడాది కూడా కాలేదు.

మా ఆయన సొరుగులోంచి వాచీ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని తడిమి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది తిరగట్లేదే. పాడుచేశారా?"

"లేదు అమ్మమ్మగారూ. ఇది కీ ఇచ్చేది కాదు, బ్యాటరీదీ కాదు. పెట్టుకున్న మనిషి చెయ్యి కదిలితేనే తిరుగుతుంది. బీరువాలో పెడితే రెండ్రోజుల్లో ఆగిపోతుంది. ఇటివ్వండి."

ఆయన తీసుకుని నాలుగుసార్లు అటూ ఇటూ ఊపి మళ్లీ ఆవిడ చెవి దగ్గర పెట్టారు. ఆయన చెయ్యి వణుకుతోంది. ఆవిడ తన చెయ్యి దాని మీద వేసి పట్టుకుని వింది. చాలాసేపు వింది. రోడ్డు మీద చింతలపూడి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. ఆవిడ ఇంకా వింటూనే ఉంది.

"వాడు పడుకునేటప్పుడు కూడా తీసేవాడు కాదు. తియ్యరా, గీసుకుంటుందిరా అనేదాన్ని. తీస్తే ఆగిపోతుందమ్మా అనేవాడు. ఏదో వంక అనుకున్నా."

నేను కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చాను. తాగి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగింది.

"కోసిన ముక్కలు పారేయకండి. నాకివ్వండి."

ఆవిడ వెళ్లాక మా ఆయన వాచీని గాజుపెట్టె మీద పెట్టారు. తర్వాత, "బీరువా పైఅరలో నాన్న రంపం ఉంది, తియ్యి" అన్నారు.

అది కంసాలులు వాడే సన్నటి రంపం, దారంలాంటి బ్లేడు. రెండు రోజులు నాచేత ఇత్తడి ముక్కలు కోయించారు. ఊపిరి వదులుతూ కోయాలట, నొక్కకూడదట, బ్లేడు బరువే కోసుకుంటుందట. మొదటి రోజు బ్లేడ్లు విరిగాయి. రెండో రోజు వేలు తెగింది. మూడో రోజు డయలుకు గుడ్డ చుట్టి, కేసును బెంచి మీద బిగించి, ఎక్కడ కోయాలో సూదితో గీత గీయమన్నారు. ఆయన అద్దం పెట్టుకుని నా పక్కనే వంగి చూస్తున్నారు.

"కానియ్యి" అన్నారు.

కోశాను. ఉక్కు పొడి నల్లగా గుడ్డ మీద రాలింది. ఒక వైపు లింకు ఊడొచ్చేసరికి నా జాకెట్టు చెమటతో తడిసిపోయింది. రెండో వైపు కోసేటప్పుడు ఆయన గుక్క తిప్పుకోకుండా, "మెల్లిగా, మెల్లిగా, అదీ, అంతే" అంటూనే ఉన్నారు. కోసిన అంచుల్ని ఆకురాయితో నునుపు చేసి, కొత్త పిన్నులు వేసి, మిగిలిన చైనుకు కలిపాను. వేలితో రాస్తే గరుకు తగల్లేదు. కానీ తెలిసినవాళ్లు అద్దంలో చూస్తే పసిగట్టేస్తారు. అతుకు అతుకే.

పిన్నిగారు కబురందుకుని ఆ సాయంత్రమే వచ్చింది. లాకు వేశాను. చిటికెన వేలు దూర్చి చూశాను. సరిగ్గా పట్టింది. చెయ్యి ఎత్తింది, దించింది, విదిలించింది. వాచీ కదల్లేదు. లాకు చేతి కింద నడిమధ్య కూర్చుంది. ఆవిడ ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. చెయ్యి మొహానికి దగ్గరగా పెట్టుకుని టైము చూసి, "అయ్యో, తోటల నుంచి బండ్లు వచ్చే వేళయింది" అని లేచింది.

కోసిన ముక్కలూ ముందు తీసిన లింకులూ కలిపి కాగితంలో పొట్లం కట్టిచ్చాను. అత్తగారడిగిందని చెప్పాను. ఆ సంగతి ఆవిడకు తెలీదు. "మా అత్తగారు ఇక్కడికొచ్చిందా?" అని నిలబడిపోయింది. పొట్లం రవికెలో దాచుకుని వెళ్లింది.

ఊరు అనాల్సినవన్నీ అంది. మండీలో కూర్చోవడమే ఎక్కువనుకుంటే, పైగా మగవాళ్ల వాచీ అన్నారు. మా ఇంటి పక్కావిడ అయితే ఆ పాపంలో నాకూ వాటా ఉందన్నట్టు మాట్లాడింది. కానీ సీజను వచ్చాక ఎవరికీ తీరిక లేదు. ఊరంతా వరిగడ్డి, బుట్టలు, లారీలు, పండిన రసాల వాసన. సీజను మధ్యలో ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. తర్వాత బాలికల హైస్కూలు టీచర్లు వచ్చారు. వాళ్ల తమ్ముళ్లో మరుదులో పంపిన వాచీలు. చేతికి వదులనీ, మగవాళ్ల చేతికి చెయ్యివ్వడం ఇష్టం లేకనీ అన్నాళ్లూ పెట్టెల్లో దాచుకున్నవి. వాళ్లు వచ్చినప్పుడు మా ఆయన ఏదో పనున్నట్టు బయటికి వెళ్లి టీ తాగి వచ్చేవారు.

వానలు పడ్డాక, కాయ అయిపోయాక పిన్నిగారు వచ్చింది. మనిషి నల్లబడింది, గొంతు కొంచెం బొంగురుపోయింది. చిన్నరసాల చివరి కాపు ఒక బుట్ట తెచ్చి గాజుపెట్టె పక్కన పెట్టించింది.

"వాచీ శుభ్రం చేయాలమ్మాయ్. చూడు ఎలా అయిందో."

లాకు తీశాను. చైను కింద చర్మం తెల్లగా పట్టీలాగా ఉంది, మిగతా చెయ్యంతా ఎండకు కమిలిపోయింది. ఆవిడ దాన్ని చూసుకుని నవ్వింది. చైను సందుల నిండా మామిడి సొన గడ్డకట్టి నల్లగా పేరుకుపోయింది. లింకులు వంగడం లేదు.

"మీ అబ్బాయి వచ్చారాండీ సెలవులకి?" అనడిగాను.

"వచ్చాడు. వాడికి ఇదొద్దట. అంకెలు కనబడేది, నొక్కితే లైటు వెలిగేది కావాలట. వాళ్ల నాయనమ్మ మొహం చూడాల్సింది." ఆవిడ మళ్లీ నవ్వి అంది, "రాత్రిళ్లు తీసి పక్కన పెడితే ఆవిడ ఊరుకోదు. పెట్టుకునే పడుకో, ఆగిపోతుంది అంటుంది."

మా ఆయన గిన్నెలో సబ్బునీళ్లు కలిపారు. నేను బ్రష్షు అందుకోబోతే నా చేతిలోంచి తీసుకున్నారు. చైను నీళ్లలో ముంచి, బ్రష్షు ఆనించి పట్టుకున్నారు. ఆయన చెయ్యి దాని దారిన అది వణుకుతోంది. బ్రష్షు లింకుల సందుల్లో అటూ ఇటూ ఆడుతోంది. నల్లటి సొన నీళ్లలోకి దిగుతోంది.

"చూశారాండీ, దీనికి నా చెయ్యే సరైంది. నేను కదపక్కర్లేదు కూడా" అన్నారు పిన్నిగారితో.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక తన చేతి గురించి ఆయన అప్పటిదాకా బయటివాళ్ల ముందు ఒక్క మాట అనలేదు. పిన్నిగారికి నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నాకు ముందే నవ్వొచ్చేసింది. బయట వాన మొదలైంది. ఆవిడ వెళ్లడానికి లేక ఆగిపోయింది. ముగ్గురం బుట్టలోని రసాలను చేతుల్తో నలిపి జుర్రుకుంటూ కూర్చున్నాం.